పెద్ద మానిటర్ కొనే ముందు బల్లను కొలవండి

ఇరవై వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే 32 అంగుళాల గేమింగ్ మానిటర్ ఇంట్లో పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే సుఖపడతామా అని ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా బంధువుల పిల్లలూ, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి నా దగ్గరికి డీటీపీ పని మీద వచ్చే కుర్రాళ్ళూ తరచుగా అడుగుతూ ఉంటారు. పెట్టుకోవచ్చు, సుఖపడవచ్చు కూడా. అయితే కూర్చున్న మనిషి కంటికీ తెరకూ మధ్య కనీసం 80 సెంటీమీటర్ల దూరం ఉండాలన్న ఒక్క షరతు మీద ఆ సుఖమంతా ఆధారపడి ఉంటుంది. ప్యానెల్ (బొమ్మను చూపే పలక) రకం, రిఫ్రెష్ రేట్ (సెకనుకు తెర ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపుతుందన్న లెక్క, హెర్ట్జ్‌లలో), తెర వంపు, రంగులు అన్నీ ఆ షరతు తీరిన తరువాత ఆలోచించవలసినవే. నేను పగలంతా శుభలేఖలూ కరపత్రాలూ తెలుగులోనూ ఒడియాలోనూ కంపోజ్ చేస్తాను. రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుడితో కలిసి గేమ్‌లు ఆడతాను. రెండు పనులకూ ఒకే తెర సరిపోవాలి కాబట్టి ఎంపికలో నేను కొంచెం పట్టుదలగానే ఉన్నాను. అందులో తెలుసుకున్నవాటిని ఇక్కడ రాస్తున్నాను.

తక్కువ ధరలో పెద్ద తెర అనగానే మన దేశంలో 32 అంగుళాల దగ్గరే ఎక్కువ మోడళ్ళు ఆగిపోవడానికి పన్ను కూడా ఒక కారణం. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల వరకు ఉన్న టీవీలకూ మానిటర్లకూ జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు; అంతకంటే పెద్దవాటికి 28 శాతమే కొనసాగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్దవాటికి కూడా 18 శాతమే అయింది కనుక 34 అంగుళాల వెడల్పాటి తెరల వైపు చూసేవారికి ఇప్పుడు కొంత ఊరట దొరికింది. అయినా ధరకు తగిన విలువ ఈనాటికీ 27, 32 అంగుళాల దగ్గరే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. 32 అని రాసి ఉన్న మానిటర్లలో చాలావాటి అసలు కొలత మూలనుంచి మూలకు 31.5 అంగుళాలని కూడా గమనించాలి. అంటే తెర వెడల్పు సుమారు 70 సెంటీమీటర్లు, ఎత్తు 39 సెంటీమీటర్లు.

మా ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్ళి పెద్ద మానిటర్ కావాలని అడిగితే 32 అంగుళాల టీవీని చూపించడం మామూలే. ధర సగం కూడా ఉండదు, పైగా సినిమాలూ వస్తాయి కదా అని దుకాణదారు చెప్పే మాటలో దురుద్దేశం ఏమీ ఉండదు. కానీ ఆ ధరకు వచ్చే టీవీల్లో అత్యధిక భాగం 1366 నిలువు వరుసలు, 768 అడ్డు వరుసల పిక్సెళ్ళు (బొమ్మను ఏర్పరచే చుక్కలు) మాత్రమే ఉన్నవి. అంత పెద్ద తెరమీద అవి అంగుళానికి 50 మాత్రమే పడతాయి. గది అవతలి గోడకు తగిలించి మంచం మీద నుంచి చూడటానికి అది చాలు. బల్లమీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే ప్రతి అక్షరం అంచూ మెట్లు మెట్లుగా కనబడుతుంది. పైగా టీవీ వచ్చిన బొమ్మను ముందు తనకు తోచినట్టు మెరుగులు దిద్ది ఆపైన చూపిస్తుంది. మౌస్ కదిపిన తరువాత గురి కదలడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం గేమ్ ఆడేవారి చేతికి వెంటనే తెలుస్తుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆ ఆలస్యం తగ్గుతుంది కానీ పిక్సెళ్ళ లోటు తీరదు.

ఇక దూరం సంగతి. మామూలు చూపున్న మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు చుక్కలను వేరువేరుగా గుర్తించగలదని కంటి వైద్యులు లెక్కకు తీసుకుంటారు. ఆ లెక్కను మానిటర్‌కు వర్తింపజేస్తే, ఎంత దూరంలో కూర్చుంటే పిక్సెళ్ళు కలిసిపోయి నున్నటి బొమ్మగా కనబడతాయో తేలుతుంది. 32 అంగుళాల తెరమీద 1920 గుణించు 1080 పిక్సెళ్ళు, అంటే ఫుల్ హెచ్‌డీ మాత్రమే ఉంటే, అంగుళానికి 70 పడతాయి. అవి కలిసిపోవాలంటే మీటరుంపావు దూరం కావాలి. అదే తెరమీద 2560 గుణించు 1440, అంటే క్యూహెచ్‌డీ ఉంటే అంగుళానికి 93 పడతాయి. 93, 94 సెంటీమీటర్ల దూరం చాలు. 27 అంగుళాల క్యూహెచ్‌డీకి 80 సెంటీమీటర్లు సరిపోతాయి. 32 అంగుళాల 4కే (3840 గుణించు 2160) తెరకైతే 62 సెంటీమీటర్లు చాలు. ఈ హద్దుకు కొంచెం ఇవతల కూర్చున్నా పిక్సెళ్ళు బాధించేంతగా కనబడవు, అందుకే నేను 80 అంటున్నాను. కానీ 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని 32 అంగుళాల క్యూహెచ్‌డీని చూసేవారికి తేడా తెలిసి తీరుతుంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఆఫీసుల్లో కనబడే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లోనూ, 32 అంగుళాల క్యూహెచ్‌డీలోనూ అంగుళానికి పిక్సెళ్ళు దాదాపు సమానమే. కాబట్టి ఇప్పటికే 24 అంగుళాల తెరమీద పని చేస్తున్నవారికి అక్షరాల పరిమాణం, పదును ఏమీ మారవు. స్థలం మాత్రమే పెరుగుతుంది. విండోస్‌లో అక్షరాల స్కేలింగును (సైజు పెంపును) 100 శాతం దగ్గరే ఉంచుకోవచ్చు. నాకు ఈ ఎంపిక నచ్చడానికి మొదటి కారణం ఇదే.

పదును సంగతి ఇంగ్లీషు చదివేవారికంటే తెలుగు చదివేవారికే ఎక్కువ అవసరమని డీటీపీ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. ఇంగ్లీషు అక్షరం ఒకే వరుసలో నిలబడుతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఒక్కొక్కసారి ఒత్తు కింద మరో ఒత్తు. ‘శాస్త్రి’ అనే పేరును పన్నెండు పాయింట్ల సైజులో టైపు చేసి చూడండి. స కింద త వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, పైన గుడి, ఇవన్నీ ఇరవై పిక్సెళ్ళకు మించని ఎత్తులో ఇమడాలి. అంగుళానికి 70 పిక్సెళ్ళున్న తెరమీద కాగితంమీది అసలు సైజులోనే చూస్తే త వత్తు తోక, ర వత్తు కలిసి ఒక మసక ముద్దగా మారతాయి. శుభలేఖలో పెళ్ళివారి పేరు అలా చూసి సరిచూసుకునే వీలు లేదు. ప్రతిసారీ బొమ్మను పెద్దది చేసి చూడాలి. 93 దగ్గర గౌతమి ఫాంటులోనూ, నిర్మలా ఫాంటులోనూ ఒత్తులు విడివిడిగా కనబడతాయి. పక్క కాలమ్‌లో అదే శుభలేఖ ఒడియాలో ఉంటుంది. ఆ అక్షరాల గొడుగుల కింద ఉండే చిన్న మెలికలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. గేమ్‌లలో కూడా ఈ పదును పనికొస్తుంది కానీ కదిలే బొమ్మలో లోపాలు చాలావరకు కలిసిపోతాయి. నిలిచి ఉన్న అక్షరం ఏ లోపాన్నీ దాచదు.

మరి 4కే ఎందుకు కాదని అడగవచ్చు. ధర దాదాపు రెట్టింపు అవుతుందన్నది ఒక కారణమే కానీ అసలు భారం గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో బొమ్మలను గీసే భాగం) మీద పడుతుంది. ఫుల్ హెచ్‌డీలో ఒక ఫ్రేముకు, అంటే తెరమీదికి వచ్చే ఒక్కో బొమ్మకు, ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్ళు గీయాలి. క్యూహెచ్‌డీలో దాదాపు 37 లక్షలు. 4కేలో 83 లక్షలు. ఆర్‌టీఎక్స్ 3060 లేదా ఆర్‌ఎక్స్ 6600 వంటి మధ్యతరగతి కార్డు ఉన్నవారికి క్యూహెచ్‌డీ అందుబాటులో ఉండే మెట్టు. భారీ గేమ్‌లలో సెట్టింగులు కొంచెం తగ్గించి, డీఎల్‌ఎస్‌ఎస్ గాని ఎఫ్‌ఎస్‌ఆర్ గాని (తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసి చూపే సదుపాయాలు) వాడుకుంటే ఆట నిరాటంకంగా సాగుతుంది. వాలరెంట్ వంటి తేలికపాటి పోటీ గేమ్‌లకు ఆ అవసరం కూడా రాదు. కంప్యూటర్ బదులు పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ యంత్రం) ఉన్నవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: 2022 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్ నుంచే అది 1440 వరుసల తెరను నేరుగా గుర్తిస్తోంది. అంతకు ముందు రాసిన సలహాలు చదివి క్యూహెచ్‌డీ దానికి పనికిరాదని వెనక్కి తగ్గనవసరం లేదు.

ప్యానెల్ విషయంలో ఈ ధరకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో రంగులు పక్కనుంచి చూసినా మారవు, కదలిక చురుకుగా ఉంటుంది. కానీ నలుపు నలుపుగా ఉండదు, చీకటి గదిలో బూడిదరంగుగా తేలుతుంది. దాని కాంట్రాస్ట్ (తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ నిష్పత్తి) సాధారణంగా 1000కి 1 దగ్గర ఉంటుంది. వీఏ ప్యానెల్‌లో అది 3000కి 1 దాకా ఉంటుంది కాబట్టి రాత్రిపూట లైట్లార్పి ఆడేవారికి గుహలూ, అడవులూ, ఆకాశమూ నిజంగా చీకటిగా కనబడతాయి. దీనికి మూల్యం ఏమిటంటే, నలుపు నుంచి ముదురు బూడిదరంగుకు మారే పిక్సెల్ నెమ్మదిగా మారుతుంది. చీకటి గోడమీదుగా మనిషి వేగంగా పరుగెత్తితే అతని వెనుక నల్లటి చార సాగుతుంది. మా మేనల్లుడు మొదటిసారి దాన్ని చూసి, “అత్తా, అట్టపెట్టె మీద ఒక మిల్లీసెకను అని రాశాడు కదా, మరి ఈ నీడేంటి?” అని అడిగాడు.

వాడి ప్రశ్న చాలా న్యాయమైనది, కొనేవారందరూ అడగవలసినది. అట్టపెట్టె మీద ఉండే ఆ 1 మిల్లీసెకనుకు రెండు రకాల అర్థాలున్నాయి. ఎంపీఆర్‌టీ అని పక్కన ఉంటే, బ్యాక్‌లైట్‌ను (తెర వెనుక దీపాన్ని) ప్రతి ఫ్రేముకూ వెలిగించి ఆర్పుతూ కంటికి కనబడే మసకను తగ్గించినప్పుడు వచ్చే అంకె అది. ఆ మోడ్ పెడితే తెర వెలుగు తగ్గుతుంది, చాలా మానిటర్లలో ఫ్రీసింక్ (కార్డు గీసే వేగానికి తెర తన వేగాన్ని సరిపెట్టుకునే సదుపాయం) కూడా ఆగిపోతుంది. జీటీజీ అని ఉంటే ఒక బూడిదరంగు నుంచి మరో బూడిదరంగుకు పిక్సెల్ మారే కాలం. కానీ అన్ని మార్పుల్లోకీ వేగమైనదాన్ని ఎంచి అచ్చువేస్తారు తప్ప నలుపు నుంచి పైకి వచ్చే నెమ్మది మార్పును కాదు. ఇక పిక్సెల్ మార్పును వేగవంతం చేసే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని చివరి మెట్టుకు పెంచితే నల్లచార పోయి దాని స్థానంలో తెల్లటి అంచు వస్తుంది. మధ్య మెట్టు దగ్గర ఉంచి, మానిటర్ మెనూలో బ్లాక్ ఈక్వలైజర్ వంటి పేరుతో ఉండే నలుపు స్థాయిని ఒకటి రెండు మెట్లు పైకి జరిపితే చార చాలావరకు తగ్గుతుంది. పోటీ షూటింగ్ గేమ్‌లే ప్రాణంగా ఆడేవారికి మాత్రం నేను ఐపీఎస్‌నే చెబుతాను. కథ ఉన్న గేమ్‌లు, కారు పందేలు రాత్రివేళ ఆడే మా వంటివారికి వీఏ ఇచ్చే నలుపు ఎక్కువ తృప్తినిస్తుంది.

వీఏ తెరలు ఎక్కువగా వంపుతో వస్తాయి. 1500ఆర్ అంటే మీటరున్నర వ్యాసార్ధం ఉన్న వృత్తంలోని ముక్క అని అర్థం. వీఏలో పక్కనుంచి చూస్తే రంగు వెలవెలబోతుంది కనుక, పెద్ద తెర అంచులను కొంచెం మనవైపు తిప్పడం అందానికే కాక అవసరానికి కూడా. అయితే ఒడియా, తెలుగు కాలమ్‌లను పక్కపక్కన పెట్టి నిలువు గీతలు సరిచూసే పనిలో ఈ వంపు నాకు మొదట ఇబ్బందిగానే ఉండేది. అలవాటయ్యాక తెలియడం లేదు. గ్రాఫిక్ డిజైనే ముఖ్య జీవనోపాధి అయినవారు చదునైన ఐపీఎస్ తీసుకోవడం మంచిది.

రిఫ్రెష్ రేట్ గురించి తక్కువే చెప్పాలి. 60 హెర్ట్జ్ దగ్గర కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకొకటి వస్తుంది, 144 దగ్గర 6.9కి, 165 దగ్గర 6.1కి, 180 దగ్గర 5.6కి. 60 నుంచి 144కి ఎక్కినప్పుడు పది మిల్లీసెకన్ల తేడా వస్తుంది, ఎవరికైనా తెలుస్తుంది. 165 నుంచి 180కి ఎక్కితే అర మిల్లీసెకను. దానికోసం రెండు వేలు ఎక్కువ పెట్టనక్కరలేదు. కొన్న తరువాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ రేటును స్వయంగా ఎంచుకోవాలి. చాలా ఇళ్ళలో 165 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే నడుస్తూ ఉండటం నేను చూశాను. కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. వీలైతే డిస్‌ప్లేపోర్ట్ అనే కేబుల్ వాడాలి, ఎందుకంటే ఈ ధరలోని మానిటర్ల హెచ్‌డీఎంఐ 2.0 దారి క్యూహెచ్‌డీలో 144 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవడం సాధారణం. ఎన్విడియా కార్డున్నవారికి ఫ్రీసింక్ పనిచేయదన్న మాట కూడా పాతది; 2019 జనవరి నుంచి ఆ కార్డులు డిస్‌ప్లేపోర్ట్ ద్వారా దాన్ని స్వీకరిస్తున్నాయి. హెచ్‌డీఆర్400 (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపగలదని చెప్పే ముద్ర) అన్నదానికి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దని నా సలహా. అది ఆ ప్రమాణంలో అన్నిటికంటే కింది మెట్టు, తెరలోని భాగాలను విడివిడిగా మసకబార్చే సామర్థ్యాన్ని అది కోరదు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. మాది వసారా, నడవ, గది, వంటిల్లు, పెరడు ఒకే వరుసలో సాగిపోయే పాత ఇల్లు. ఇలాంటి ఇళ్ళు మా వీధిలోనే కాదు, సరిహద్దుకు రెండు వైపులా కనబడతాయి. గది వెడల్పు తక్కువ కాబట్టి బల్లలు కూడా 45 సెంటీమీటర్ల లోతుతోనే చేయించుకుంటాం. పెద్ద మానిటర్ స్టాండు కాళ్ళే 25 సెంటీమీటర్ల వరకు ఆక్రమిస్తాయి; తెర మన ముఖం మీదికి వచ్చేస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఈ తెర మన చూపులో 60 డిగ్రీల మేర విస్తరిస్తుంది. గేమ్ మూలలో ఉండే చిన్న మ్యాపును చూడాలంటే తల తిప్పవలసి వస్తుంది. 90 సెంటీమీటర్ల దూరంలో అది 42 డిగ్రీలకు తగ్గి, కనుగుడ్డు కదిపితే సరిపోతుంది. మేము స్టాండు తీసేసి, వెనుకనున్న వెసా రంధ్రాలకు (బ్రాకెట్ బిగించడానికి ప్రామాణిక కొలతతో ఉండేవి) గోడ బ్రాకెట్ బిగించాం. ఆ రంధ్రాల మధ్య దూరం 100 మిల్లీమీటర్లా, 75 మిల్లీమీటర్లా అన్నది కొనే ముందే చూసుకోవాలి, కొన్ని చవక మోడళ్ళలో అసలు ఉండవు కూడా. బ్రాకెట్‌తో తెర గోడకు ఆనుకుపోయింది, బల్ల మొత్తం ఖాళీ అయింది, కుర్చీ జరుపుకునే చోటు దొరికింది. ఈ ఏర్పాటుకు కూడా వీలుకాని గదుల్లో 27 అంగుళాల క్యూహెచ్‌డీ తీసుకోవడమే సరైనది, దానివల్ల కోల్పోయేది ఏమీ లేదు.

వెలుగు ఎటునుంచి వస్తుందో కూడా చూడాలి. వీధి తలుపుకూ పెరటి తలుపుకూ ఎదురుగా తెర పెడితే పగలంతా అందులో మన గుమ్మమే కనబడుతుంది. పక్క గోడకు పెట్టాలి. రాత్రి తెర వెలుగును బాగా దించి, తెర వెనుక గోడమీద చిన్న దీపం ఉంచుకుంటే కళ్ళు అంతగా అలసిపోవు.

తెప్పించుకోవడంలో సరిహద్దు ఊళ్ళవారికి ఒక వెసులుబాటు ఉంది. పెద్ద పెట్టెలను మా పిన్‌కోడ్‌కు పంపబోమని ఆన్‌లైన్ దుకాణం చెప్పినా, నది దాటితే వచ్చే పాతపట్నం పిన్‌కోడ్‌కు పంపుతుంది. ఒక్కొక్కసారి ఇది తిరగబడుతుంది. రెండు చోట్లా చుట్టాలుంటారు కాబట్టి రెండు చిరునామాలూ వేసి చూడటం మంచిది. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలి. తరువాత తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి చనిపోయిన పిక్సెళ్ళున్నాయేమో వెతకాలి. తిరిగి తీసుకునే గడువు చాలా కొద్దిరోజులే ఉంటుంది, గడువు దాటాక ఒకటి రెండు చుక్కలను లోపంగా ఒప్పుకోరు.

మాకు వేసవి చివర ఈదురుగాలులు, పిడుగులు తప్పవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ఎంత కుదిపిందో ఇక్కడివారెవరూ మరచిపోలేదు. అంత పెద్ద గండం ఏటా రాదు కానీ కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ ఓల్టేజితో రావడం మామూలే. ఈ మానిటర్ వాడే కరెంటు 40, 50 వాట్ల దగ్గరే ఉంటుంది, కాబట్టి కంప్యూటర్‌తో పాటు యూపీఎస్ మీద దీన్ని కూడా పెట్టవచ్చు. భారం గ్రాఫిక్స్ కార్డుదే. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గు తీసినంత మాత్రాన చాలదు, రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ తీగను కూడా ఊడదీయాలి, ఎందుకంటే పిడుగు ఓల్టేజి ఆ దారిన కంప్యూటర్‌లోకీ, అక్కడినుంచి డిస్‌ప్లే కేబుల్ మీదుగా మానిటర్‌లోకీ చేరగలదు.

ఇంకొకటి పురుగులు. వరి పొట్టకు వచ్చి ఈనే రోజుల్లో పొలాల నుంచి పచ్చదీపపు పురుగులు సాయంత్రం అయ్యేసరికి దీపాల చుట్టూ మూగుతాయి. చీకటి గదిలో పెద్ద తెర వాటికి అన్నిటికంటే పెద్ద దీపం. అరచేత్తో తుడిస్తే పచ్చటి మరక తెరకు పట్టుకుంటుంది. గదిలో వేరే దీపం వేసి, తెరను కాసేపు ఆపితే అవి అటు వెళ్ళిపోతాయి. వాటికంటే సన్నని నలుసుల్లాంటి పురుగులు వెనుక గాలి రంధ్రాల గుండా దూరి, ప్యానెల్ పొరల మధ్య నడుస్తూ కనబడతాయి. అప్పుడు తెరను వేలితో నొక్కకూడదు. నొక్కితే అక్కడే చచ్చి, చనిపోయిన పిక్సెల్ లాగా శాశ్వతంగా ఉండిపోతుంది. మానిటర్ ఆపేసి గదిలో మరోచోట దీపం పెడితే చాలాసార్లు దానంతట అదే బయటికి వస్తుంది. తెర తుడవడానికి కొంచెం నీటితో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. అద్దాలు తుడిచే ద్రావకాలు పై పూతను పాడుచేస్తాయి.

చివరిగా వారంటీ. ఈ తరగతి మానిటర్లకు మూడేళ్ళ వారంటీ ఇవ్వడం సాధారణమే కానీ, మనిషి ఇంటికి వచ్చి చూస్తాడా, మనమే బరంపురానికో విశాఖపట్నానికో మోసుకుపోవాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొనే ముందే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మన పిన్‌కోడ్ చెప్పి అడగాలి. రెండో జవాబు వచ్చే మోడల్ కొంటే, థర్మాకోల్‌తో సహా పెట్టెను వారంటీ తీరేదాకా అటక మీద దాచాలి. ఒకే ధరలో రెండు మోడళ్ళు తేలితే, కరెంటు అడాప్టర్ మానిటర్ లోపల కాక బయట విడిగా ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను. ఓల్టేజి దెబ్బ ముందుగా అడాప్టర్‌కే తగులుతుంది. వారంటీ ముగిసిన తరువాత అలా జరిగినా, అదే ఓల్టేజి, అంతే ఆంపియర్లు, అదే పిన్నున్న కొత్త అడాప్టర్‌ను శ్రీకాకుళంలోనో బరంపురంలోనో కొని తగిలించుకోవచ్చు.